మలుపు దగ్గర రెండు హారన్లు

నా చిన్నప్పుడు సింగపూర్‌లో అడవిని చూడటమంటే కారులో కూర్చుని చూడటమే. శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటల పనికి వచ్చి డ్రైవింగ్ నేర్చుకున్న మా తాతయ్యకు ఒక అద్దెకారు ఉండేది. ఆదివారం వచ్చిందంటే ఓడలు దిగిన దొరలనూ దొరసానులనూ ఎక్కించుకుని, రక్షిత అడవి మధ్యనున్న రోడ్డు మీద తిప్పేవారు. వాళ్ళ కాలు నేల మీద పడేది కాదు. అడవి మొత్తం అద్దంలోంచే అయిపోయేది.

మిగతా డ్రైవర్లకు రాని విద్య ఒకటి తాతయ్య దగ్గర ఉండేది. పెద్ద మలుపు దగ్గర కారు ఆపి రెండుసార్లు హారన్ కొడితే చాలు, చెట్ల మీంచి కోతులు దిగివచ్చేవి. ఏడాది పాటు అరటిపళ్ళు పెట్టి మాలిమి చేసుకున్నారు మరి. దొరసానులు కిటికీలోంచి పళ్ళు అందిస్తూ మురిసిపోతుంటే, ముందు సీట్లో నేను ఆ కోతులన్నీ మా ఇంటివే అన్నట్టు నిక్కేదాన్ని.

ఒక్కసారి ఆ హారన్ నేను కొడతానని ఎన్నాళ్ళుగానో ఆయన ప్రాణం తీశాను. నాకు ఎనిమిదేళ్ళు నిండాక ఒక ఆదివారం సరేనన్నారు. కారు ఆగాక, ఆయన వెనకా ముందూ చూసి తలూపాక కొట్టాలి. మలుపు కనబడగానే నేను ఉండబట్టలేక చెయ్యి చాచి నొక్కేశాను. కోతులు ఎప్పటిలాగే నమ్మకంగా దిగాయి. ఎదురుగా మరో కారు మలుపు తిరిగి వచ్చింది. ఒక తల్లికోతి దాని కింద పడింది. దాని పొట్టకు కరుచుకున్న పిల్ల మాత్రం ఎగిరి గట్టు మీద పడి బతికింది.

తాతయ్య తన భుజం మీది తువ్వాలు తల్లికోతికి కప్పి, రెండు చేతులా ఎత్తి చెట్టు మొదట్లో పడుకోబెట్టారు. మిగతావి కారు చుట్టూ చేరి పళ్ళ కోసం చేతులు చాస్తూనే ఉన్నాయి. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. ఆయన తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన వచ్చి పక్కన కూర్చుని, "హారన్ కొట్టింది నువ్వేనమ్మా. ఆటికి రావడం నేర్పింది నేను," అన్నారు. నీ తప్పేం లేదని అబద్ధం చెప్పలేదు, నన్ను ఒంటరిగానూ వదిలిపెట్టలేదు.

ఆ తర్వాత ఆదివారాలు కారు ఇంటి ముందే ఉండిపోయేది. మేమిద్దరం బస్సులో వెళ్ళి, రోడ్డుకు దూరంగా చెట్లలో ఉత్త చేతులతో నిలబడేవాళ్ళం. కోతులు ఆశగా వచ్చేవి, చూసి చూసి వెళ్ళిపోయేవి. ఇలా నెలలు గడిచాయి. ఒకరోజు మమ్మల్ని చూసి కూడా ఒక్కటీ కిందికి దిగలేదు. "మర్చిపోనాయి. మంచిదే," అంటూ తాతయ్య కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. సాయంత్రం మేముండే హౌగాంగ్ పేటలో మా ఫ్లాట్ల బ్లాక్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల మా మనవరాలు బస్సు దిగుతుంది. ఇవతల నేను నిలబడే ఉంటాను, కానీ పిలవను. "వై నెవర్ కాల్ మీ, అమ్మమ్మా? నేను చూడలేదు లా," అని సింగపూర్ యాసలో విసుక్కుంటుంది. పచ్చలైటు వెలిగి, కార్లన్నీ ఆగి, అది నా పక్కకు వచ్చేదాకా దాని పేరు నా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.