పదిహేను అడుగుల్లో తారుమారు

అద్దాల కొట్లో అతన్ని అందరూ రికార్డు అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా కిటికీ కొలతలు ఒక్కసారి విని, కాగితం ముట్టకుండా గాజు కోస్తున్నాడు. ఫోను ముందుగదిలో, కోత బల్ల వెనక గదిలో. మధ్యలో పదిహేను అడుగులు. ఆ దూరం అంకెలు వల్లిస్తూ, పెదవులు కదుపుతూ నడుస్తాడు.

ఈ నెల మూడు ఆర్డర్లు చెడ్డాయి. నాలుగోది చెడితే ప్యాకింగులో కూర్చోవాలన్నాడు యజమాని. రికార్డు భయం ప్యాకింగు గురించి కాదు. వాళ్లమ్మ చివరికి కన్నకొడుకునే గుర్తుపట్టలేదు. అదే తనకీ మొదలైందేమోనని.

"ఫోన్లో సరిగ్గానే అప్పజెప్పావు బావా," అన్నాడు కొలతలు తీసే బామ్మర్ది. "అరవైకి ఎనభై, ఇరవైకి డెబ్బై. నువ్వేమో అరవైకి ఇరవై, ఎనభైకి డెబ్బై కోశావు. దార్లో ఎక్కడ పారేశావు?"

"దార్లో ఏముందిరా, చీపురుకట్ట."

"అయితే దాన్నే అడగాలి."

ఇంట్లోనూ కుదురు లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, వేసిన గడియే మళ్లీ వేస్తాడు. బట్టలు కుడుతున్న భార్యని సరుకుల చీటీ చదవమన్నాడు. ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె, బెల్లం, దారం, కొవ్వొత్తి. వరసగా చెప్పేశాడు. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి ఆవిడ చీటీ మడిచేసింది.

"మతిపోయినవాడు ఇంతలా ప్రాణం తియ్యడు. ఆ చెడిన కొలతలేవో చెప్పు."

చెప్పాడు. మూడూ కొత్త అపార్ట్‌మెంటువే. అక్కడ కిటికీల కొలతలన్నీ సున్నాతో ముగుస్తాయి. పాత ఇళ్లవి పదిహేడు, ముప్పై మూడు, నలభై ఎనిమిది అని వంకరటింకరగా ఉండేవి. అవి ఏనాడూ తప్పలేదు.

"అరవై, ఇరవై, డెబ్బై, ఎనభై. నోట్లో తిప్పి చూడు, అన్నిటికీ ఒకటే తోక. ఒకే రంగు మేకల్ని తోలుకెళ్తే ఏది ముందు నడిచిందో ఎవరికి తెలుస్తుంది? మంద తగ్గలేదు, వరస మారింది. అంతే."

"ఇవే తేలికనుకున్నా," అన్నాడతను.

మర్నాడు ఫోనొచ్చింది. యాభైకి తొంభై, ఇరవైకి అరవై. రికార్డు గాజు మీద గీసే పెన్సిలు తీసి, నాలుగంకెలూ చేతి తొడుగు మీద రాసుకున్నాడు. కొట్లో పని ఆగింది.

"రికార్డుకి గీత పడిందిరోయ్," అన్నారెవరో ప్యాకింగు వైపు నుంచి.

"పడితే పడనీ," అని కోత బల్ల దగ్గరికి నడిచాడు. పెదవులు కదల్లేదు.

అద్దాలు రెండూ సరిగ్గా కూర్చున్నాయని సాయంత్రం కబురొచ్చింది. అతను బస్సు కోసం నిలబడి ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె అని మొదట్నుంచీ చెప్పుకుంటున్నాడు. కొవ్వొత్తి దాకా వచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు.