పెద్దలదంతా ఒకే మాట

ఫలనికో ఈ దేశానికి పెద్ద కావడం తను బతికుండగా చూడకూడదని లూహియా ఎప్పుడో నిశ్చయించుకుంది. చచ్చిపోయే ఉద్దేశం మాత్రం ఆవిడకు లేదు. అంటే అతను పెద్ద కాకుండా చూసుకోవాలి, అంతే.

దేశమంటే ఎంతని? పసిఫిక్ సముద్రంలోని టొకెలావు మొత్తం మూడు పగడపు దీవులు, వాటి మీద కొబ్బరి చెట్లు. పైనుంచి ఏలే న్యూజిలాండ్ ఇప్పుడు ఓటు పెట్టింది: మీ ఇల్లు మీరే చక్కబెట్టుకుంటారా, మేమే చూడాలా? మూడింట రెండు వంతుల మంది సరేనంటే సొంత రాజ్యాంగం, సొంత జెండా. మూడు దీవుల పెద్దలు ఏడాదికొకరు వంతులవారీగా కూర్చునే కుర్చీ అప్పుడు నిజమైన కుర్చీ అవుతుంది. ఈ ఏడాది వంతు ఈ దీవి పెద్ద ఫలనికోది. రాజ్యాంగం చిత్తుప్రతులు చంకన పెట్టుకుని ఏళ్ళ తరబడి ఓడలెక్కి దిగినవాడూ అతనే. మనసులో పట్టాభిషేకం ఎప్పుడో అయిపోయింది, ఇక జనం చప్పట్లు కొట్టడమే మిగిలింది.

లూహియా భర్త తవీటేకి ఫలనికో చిన్ననాటి జతగాడు. ఇద్దరిదీ ఒకే పడవ, ఒకే గాలం. ఇరవై ఏళ్ళ పైమాట: తవీటే ఒక్కడే ట్యూనా చేపల వేటకు పోయాడు, గాలి తిరిగింది, ఇంజను ఆగింది. పడవ దూరంగా కొట్టుకుపోవడం రేవులోంచి కనబడుతూనే ఉంది. ఊళ్ళో ఒకే ఒక్క పీపా పెట్రోలు ఉంది. పెద్దల సభ కూర్చుంది. కాసేపటికి ఫలనికో రేవుకొచ్చాడు. అప్పట్లో గ్రామాధికారి అతను. “పెద్దలు వద్దన్నారు. పడవ వెళ్ళదు” అని, ఆమె ముఖం చూడకుండా వెనక్కి తిరిగాడు. తవీటే మళ్ళీ ఒడ్డు చేరలేదు. తర్వాతి వారం ఆ పెట్రోలే న్యూజిలాండ్ అధికారుల్ని ఓడ మీంచి దించడానికి పనికొచ్చింది. ఆ రోజు దగ్గరుండి వాళ్ళ చేతులు పట్టుకుని ఒడ్డుకు దించినవాడు ఫలనికోనే. లూహియాకు ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆ ఊళ్ళో పెద్దల సభలో ఎవరేమన్నారో బయటికి పొక్కదు. లోపల కొట్టుకున్నా, బయటికొచ్చేది ఒకే మాట. ఆ మాటకు ఊరు తలొంచుతుంది. ఎదురాడితే మనిషి ఊళ్ళోనే ఉంటాడు కానీ పలకరించేవాడుండడు. అందుకే లూహియా అన్నేళ్ళూ నోరెత్తలేదు, లోలోపల ఉడికిపోయింది.

ఓటు రోజులు దగ్గరపడ్డాక సభామందిరంలో ఊరంతా సరేనని చేతులెత్తింది. లూహియా రెండు చేతులూ ఎత్తింది. పైగా, ప్రమాణం రోజున ఫలనికో నిలబడటానికని మొగలి ఆకుల చాప తనే నేస్తానంది. అతను పొంగిపోయాడు.

“వదినా, ఇంటింటికీ వెళ్ళి ఓ మాట అడిగి రమ్మంటావా?” అన్నాడు.

“ఊరు చేతులెత్తాక మళ్ళీ అడుక్కోవడమేంటి మరిదీ? చులకనైపోవూ?” అంది లూహియా.

నిజమేననుకున్నాడు. ఎత్తిన చేతులన్నీ ఓట్లనుకున్నాడు వెర్రిబాగులవాడు. వచ్చిన అధికారులతో, మా దీవిలో కాదనేవాడే లేడని గొప్పగా చెప్పుకున్నాడు. చాటున వేసే ఓటు ఆ ఊరికి కొత్త. తలుపు మూసిన పెట్టె ముందు మనిషి ఒంటరిగా నిలబడితే ఏం చేస్తాడో అతనికేం తెలుసు?

లూహియాకు తెలుసు. చాప నేయడానికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆకు చీలుస్తూ మెల్లగా మొదలుపెట్టేది.

“జెండా బావుందే. మరి న్యూజిలాండ్ పంపే మందుల ఓడ మన జెండాను చూసి వస్తుందా?”

“రాదంటావా అక్కా?” అనేది పక్కనున్న మాటీలే, చేతిలో ఆకు ఆపేసి.

“నాకేం తెలుసమ్మా, ఫలనికోకు తెలుసు. ఆక్లాండులో నీ మనవళ్ళ పాస్‌పోర్టు ఏమవుతుందో అదీ ఆయనకే తెలుసు.”

“చేతులెత్తాం కదక్కా.”

“ఎత్తాం. పెట్టెకు కళ్ళున్నాయా?”

అంతకు మించి ఒక్క ముక్క అనేది కాదు. భయం ఇంటికెళ్ళి, మొగుళ్ళ చెవుల్లో మిగతా పని తనే చేసుకునేది.

ఓట్లు లెక్కపెట్టారు. కొద్దిలో పోయింది. మూడింట రెండు వంతులకు గుప్పెడు ఓట్లు తక్కువ. సభామందిరంలో ఎవరూ ఎవరివంకా చూడలేదు. ఫలనికో అక్కడికక్కడే పెద్దరికం వదులుకుంటున్నానని చెప్పేశాడు. లూహియా కడుపుమంట చల్లారింది. అంత హాయి ఆవిడ ఎన్నడూ ఎరగదు.

ఆ సాయంత్రం అతను ఆవిడ ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

“నువ్వొక్కదానివే నా వైపు నిలబడ్డావు వదినా.”

ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎవరు కొట్టారో తెలియని దెబ్బ ఏం దెబ్బ?

“నేనే ఓడించాను నిన్ను. ఈ ఊళ్ళో పడ్డ ప్రతి ‘వద్దు’ నేను వేయించిందే. తవీటేకి పడవ పంపలేదు నువ్వు. అధికారుల కోసం పెట్రోలు దాచావు. ఇప్పుడు కూర్చుని ఏడువు.”

ఫలనికో ఏడవలేదు. ఆవిడను చూస్తుండగానే అతని ముఖంలో దిగులు పోయి ఇంకేదో వచ్చింది.

“పెద్దరికం వదిలేశాను కదా, ఇక లోపలి మాట చెప్పొచ్చు” అన్నాడు, ఒక్కొక్క మాటా తూచినట్టు. “ఆ రోజు నేను సభలో కాళ్ళు పట్టుకున్నాను. పీపా ఇవ్వండి, నేనొక్కణ్ణే పోతానన్నాను. వద్దన్నది సభ పెద్ద.”

సభ పెద్ద అప్పుడు లూహియా తండ్రి.

“అబద్ధం.”

“తవీటే మీ ఇంటికి కాపురానికొచ్చిన అల్లుడు. ‘నా ఇంటి మనిషి, కాబట్టి నేనే అంటున్నాను, ఒకడి కోసం ఇంకొకణ్ణి చంపను, పడవ వెళ్ళదు’ అన్నాడు మీ నాన్న. ఆ మాట మీద ఇంకెవరు నోరెత్తుతారు? నీకు చెప్పే పని నా మీద పెట్టారు. చెప్పాను. చచ్చేదాకా మోద్దామనే అనుకున్నాను వదినా, ఇక నాకా అవసరం లేదు.”

లేచి వెళ్ళిపోయాడు. అతను కొట్టింది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

తండ్రి మాట తీరు లూహియాకు తెలుసు. ఆ మాటలు ఆయనవే. చివరి రోజుల్లో మంచాన పడ్డాక ఆయనకు ఒళ్ళు తుడిచింది తను, కొబ్బరి పాలు చెంచాతో పట్టింది తను. ఆ పాలు పడుతూ ఎన్నిసార్లు ఆయన ముందు ఫలనికోను తిట్టిపోసిందో లెక్కలేదు. ఆయన విన్నాడు. అంతా విని, కళ్ళు మూసుకుని, “పోనీలే తల్లీ” అనేవాడు.