రాగి రొట్టె రంగులో ఉన్న శాండ్‌విచ్: మదనపల్లె నుంచి కుప్పం దాకా

మా మామ మదనపల్లె టమోటా మార్కెట్లో గ్రేడింగు చేస్తాడు. పొద్దున్నే బండ్లలో దిగిన కాయల్ని రంగు చూసి పచ్చివి, దోరవి, పండ్లు అని వేరు వేరు క్రేట్లలోకి విడదీయించడం ఆయన పని. ఏడాదిగా కుడి కంట్లో పొర కమ్ముకొచ్చి, ఎడమ చూపు కూడా అంతంతమాత్రమై ఆయనకు దోరకాయకూ పండుకూ తేడా తెలియడం లేదు. ఒకసారి దూరం పోవలసిన లోడులో మాగిన పండ్లు కలిసిపోయాయి. మండీ యజమాని కోప్పడలేదు గానీ, కొత్త పంట దిగేలోగా కన్ను బాగు చేయించుకుని రమ్మన్నాడు. అంతవరకే ఆ చోటు ఖాళీగా ఉంచుతానని కూడా చెప్పాడు. అందుకోసమే మేము కుప్పం ఆసుపత్రికి బయలుదేరాం. మొదటిసారి మామను మా ఆయన తీసుకెళ్లి చూపించి తెచ్చాడు. ఆపరేషన్ రోజుకు మా ఆయన లారీకి చెన్నై లోడు పడింది, అత్తమ్మకు బస్సు పడదు. ఏడో తరగతి దాకా చదివి, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నోరు రాని నేనే తోడు వెళ్లాల్సి వచ్చింది. ఇంట్లో సుగర్ ఉన్నవాళ్లను తీసుకుని ఇదే దారిలో వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మామకు సుగర్ ఉందని ఆసుపత్రిలో ముందే ఒక మాట చెప్పి పంపారు. ఆ రోజు మామూలుగా టిఫిన్ తిని, సుగర్ మాత్ర వేసుకుని రావాలి, అక్కడ రక్తం చూసి సుగర్ అదుపులో ఉంటేనే ఆపరేషన్ చేస్తారు. ముందురోజు అత్తమ్మ దారికి రాగి రొట్టె, వేరుశనగ ఊరిబిండి పచ్చడి కట్టిస్తానంది. నేనే వద్దన్నాను. అంత పెద్ద ఆసుపత్రిలో డబ్బా విప్పి, ఊరిబిండి వాసన వస్తుంటే నలుగురి మధ్య తినాలంటే నాకు సిగ్గు. దారిలో ఏదైనా కొనుక్కుంటామని చెప్పాను.

మదనపల్లె నుంచి కుప్పానికి నేరుగా బస్సులు ఉన్నాయి కానీ ఆ వేళకు దొరకలేదు. ఐదున్నరకు పుంగనూరు బస్సెక్కాం. పల్లెవెలుగులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, మామకు మాత్రం కొన్నాం. ముక్కాలు గంటలో పుంగనూరు చేరాం. కుప్పం బస్సుకు ఇంకా సమయం ఉంది. బస్టాండు ఎదురుగా ఒక బేకరీ తెరిచి ఉంది, పక్క సందులో ఇడ్లీల బండి దగ్గర ఆవిరి లేస్తోంది. ఆ బండి చుట్టూ మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లను తోసుకుని వెళ్లి అడగలేక బేకరీలోకి నడిచాను.

బేకరీ ఆయన ముసలి సాయిబు. ఫ్రిజ్‌లో అద్దం వెనక ప్యాకెట్టు శాండ్‌విచ్‌లు వరసగా పెట్టి ఉన్నాయి. తెల్ల రొట్టెవి కొన్ని, గోధుమరంగువి కొన్ని. సుగర్ ఉన్న పెద్దాయనకని మెల్లగా చెప్పాను. ఆయన గోధుమరంగువి తీసి, కంపెనీ సరుకమ్మా, సుగరోళ్లంతా ఇదే అడుగుతారు అన్నాడు. ప్యాకెట్టు మీద గోధుమ వెన్నుల బొమ్మ ఉంది. ఒక్కోటి అరవై రూపాయలు. మామకు ఒకటి, నాకు ఒకటి తీసుకున్నాను. మామ దాన్ని ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుని తిప్పి తిప్పి చూశాడు.

"రాగి రొట్టె మాదిరే ఉండాది కదమ్మా. మన రొట్టెకే బెంగళూరోళ్లు కాగితం సుట్టి అమ్ముతాండారు."

నేనూ అదే అనుకున్నాను. మా ఇళ్లలో సుగర్ వచ్చిందంటే డాక్టరు తెల్లన్నం తగ్గించమంటాడు, మేము సంగటి, రొట్టె పెంచుతాం. నల్లగా ఉంటే మంచిది, తెల్లగా ఉంటే చెడ్డది. మాకు తెలిసిన లెక్క అంతే.

కుప్పం బస్సు పలమనేరు, వి.కోట మీదుగా వెళ్తుంది, రెండున్నర గంటలు పడుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే కుడివైపు కూర్చోండి, పొద్దున ఎండ తగలదు. పలమనేరు దాటాక రెండు పక్కలా మల్బరీ తోటలు, క్యాబేజీ చేలు, మధ్యమధ్య రాతి గుట్టలు. మామకు అవన్నీ మసకగా పచ్చగా కనిపిస్తాయట. ఏ పంటమ్మా అది అని అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూ వచ్చాను. అక్కడే ప్యాకెట్టు విప్పి ఇచ్చాను. ఆయనకు రుచి బాగా నచ్చింది. లోపలి ఎర్ర సాసు తియ్యగా ఉందన్నాడు. ఆ మాట వినగానే నా మనసులో ఏదో తగిలింది. నా ప్యాకెట్టు వెనక్కి తిప్పాను. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. బస్సు కుదుపుల్లో కూడబలుక్కుంటే వీట్ అన్న మాట దొరికింది, గోధుమే కదా అని ఊరటపడ్డాను. ఇంకొంచెం కిందికి వెళ్తే షుగర్ అన్న మాట దొరికింది. ఎంత ఉందో తెలియలేదు.

అప్పటికే మామ తినేసి చేతులు దులుపుకుంటున్నాడు. ఆకలింకా తీరనట్టు నా ఒళ్లోకి చూశాడు. మా ఇంట్లో వడ్డించేవాళ్లు చాలు అనకూడదు. చాలనిపిస్తే తినేవాళ్లే కంచం మీద చెయ్యి అడ్డం పెడతారు. పైగా కోడలు మామ నోటి దగ్గర వద్దనడం ఎక్కడా వినలేదు. బస్సులో కంచం లేదు, అడ్డం పెట్టే చెయ్యీ లేదు. నా ప్యాకెట్టు కూడా విప్పి ఆయన చేతికిచ్చాను.

కుప్పంలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆసుపత్రికి షేరాటోలు ఉన్నాయి, మనిషికి ఇరవై రూపాయలు. చీటీ రాయించి, ముందున్నవాళ్లంతా అయ్యాక మామ వేలు గుచ్చి రక్తం చూశారు. నర్సమ్మ ఆ అంకె చూసి ఇంకోసారి గుచ్చింది. రెండోసారీ అంతే వచ్చింది. నావైపు తిరిగింది.

"మాత్ర ఏసుకున్యాడా? ఏం పెట్టినావమ్మా పొద్దున?"

మాత్ర వేసుకున్నాడని చెప్పి, పారేయడానికి చోటు కనబడక సంచిలో పెట్టుకున్న ఖాళీ ప్యాకెట్లు తీసి చూపించాను. ఆమె కసురుకోలేదు. పక్కన కూర్చోబెట్టి వేలు పెట్టి చదివింది. ఏది ఎక్కువ పడితే దాన్నే ముందు రాస్తారట. ముందున్నది రిఫైండ్ వీట్ ఫ్లోర్, అంటే మైదా. నాకు బస్సులో దొరికిన వీట్ అదే. ఆ తర్వాత చక్కెర, పామాయిలు, ఉప్పు. ముడి గోధుమ పిండి ఎక్కడో కింద ఉంది. గోధుమరంగు రావడానికి మాడ్చిన చక్కెర రంగు కలిపారు. సాసుకు విడిగా రాసిన వరసలో చక్కెర ముందు, టమోటా గుజ్జు తర్వాత.

అంతవరకు తల వంచుకుని వింటున్న మామ అప్పుడు నవ్వాడు. "టమోటాను సక్కెర కింద ఏసిండారా? మా మండీలో గూడా దానికింత అగ్గువ రేటు పలకలేదు తల్లీ."

నర్సమ్మ కూడా నవ్వి, మళ్లీ అంకెల దగ్గరికి వచ్చింది. ఏది ఎంత ఉందో చెప్పే పట్టికలో రాసినవన్నీ వంద గ్రాములకు. ప్యాకెట్టు నూట అరవై గ్రాములు. ఆయన తిన్నవి రెండు, అంటే రాసినదానికి మూడింతలకు పైనే. సుగర్ పెరగడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేనని, ముందు నుంచే ఎక్కువ ఉండొచ్చని కూడా ఆమె అంది. ఆ మాట నాకోసమే చెప్పిందేమో తెలియదు. డాక్టరు వచ్చి చూసి, ఈ పూట కుదరదన్నాడు. సుగర్ అదుపులో పెట్టుకుని నెల తర్వాత రమ్మన్నాడు. నెల అంటే ఇటు కొత్త పంట దిగిపోతుంది. ఆ సంగతి మామకూ తెలుసు, నాకూ తెలుసు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా ఉంది. నా కళ్లల్లో నీళ్లు ఆయనకు కనిపించవులే అనుకున్నాను. వి.కోట దగ్గర మామ కిటికీ వైపు తిరిగే అన్నాడు.

"ఎండకు పైన ఎర్రబారిన కాయలు వస్తాయమ్మా మండీకి. కోస్తే లోపల పచ్చిగా ఉంటాయి. అట్టాంటివి నేనే ఎన్నో పండ్లలో ఏసినా. నువ్వేడవాకు."

ఇంటికి చేరాక అత్తమ్మ గుమ్మంలోనే మామను నిలదీసింది, ఆపరేషన్ యాల చెయ్యలేదు, ఏం తిన్న్యావు అని. నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "నేనే అడిగి కొనిపించుకున్న్యా. ఆ పిల్లేం చేస్తాది?" అన్నాడు. అత్తమ్మ ఆయన్ని తిట్టింది. నేను అక్కడే నిలబడి విన్నాను.

కొత్త పంట దిగింది. మామ చోట్లో ఇప్పుడు వేరే మనిషి కూర్చున్నాడు. మామ రోజూ పొద్దున మార్కెట్టుకు వెళ్తూనే ఉన్నాడు, క్రేట్లు లెక్క పెట్టే పని ఇచ్చారు. అప్పుడప్పుడు ఒక కాయను చేతిలోకి తీసుకుని వేలితో నొక్కి, ఇది దోరేనా అని పక్కవాళ్లను అడుగుతాడట. ఆ మాట మా ఆయన చెప్పినప్పుడల్లా నాకు బస్సులో నేను విప్పిచ్చిన రెండో ప్యాకెట్టే గుర్తొస్తుంది. సుగర్ తగ్గుతోంది, మళ్లీ తేదీ ఇచ్చారు. కన్ను బాగయ్యాక ఆ చోటు తిరిగి ఇస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. ఈమధ్య అన్నం వడ్డిస్తూ ఒకరోజు, చాలు మామా, అన్నాను. పక్కన కూర వేస్తున్న అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. మామ కంచం మీదికి వంగి ఉన్నవాడల్లా తలెత్తి, చూపు ఆనని కంటితోనే నావైపు చూసి, కంచం పక్కకు జరిపాడు. ఆ ఒక్క మాట పలమనేరు దాటినప్పుడు అని ఉండవలసింది.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు చెప్పేది ఒకటే. ప్యాకెట్టు తిండి కొంటే దాని రంగూ ముందున్న బొమ్మా వదిలేసి వెనక్కి తిప్పి మొదటి మాట చూడండి, అంకెలు వంద గ్రాములకా, ప్యాకెట్టు మొత్తానికా చూడండి. చదవడం రాకపోతే సిగ్గుపడకుండా పక్క సీటులో ఉన్నవాళ్ల చేత చదివించుకోండి, ప్యాకెట్టు విప్పకముందే.