కెమెరా వెనకాల గొంతు

టెలిఫోన్ శాఖలో సబ్ డివిజనల్ ఇంజనీరుగా నన్ను సత్తెనపల్లి వేసేనాటికి నా సర్వీసు ఇంకా రెండేళ్లే మిగిలింది. లైన్లలో మాటకు అడ్డొచ్చే శబ్దాన్ని మేము నాయిస్ అంటాం. అదెక్కడ పుడుతుందో మీటరుతో పట్టుకుని తీసేయడం నా ఉద్యోగంలో సగం పని. ఆ విద్యలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

అప్పట్లో మా క్వార్టర్సులో ఒక పాత కంప్యూటరుకు రెండు హార్డ్ డిస్కులు తగిలించి సొంతంగా మీడియా సర్వర్ నడిపేవాణ్ణి. మా స్టాఫూ చుట్టాలూ ఇళ్లలో పాడైపోతున్న వీడియో క్యాసెట్లు తెచ్చిస్తే అందులోకి ఎక్కించేవాణ్ణి. తలా ఒక పాస్‌వర్డ్ ఇస్తే ఎవరింట్లో వాళ్లు ఫోనులో అందరివీ చూసుకునేవాళ్లు. ఒకటే షరతు, ఎవరూ డౌన్‌లోడ్ చేయకూడదు. లైను మొరాయిస్తుందని చెప్పేవాణ్ణి గానీ, పెత్తనం నా చేతిలో ఉండాలన్నదే అసలు సంగతి.

మా లైన్‌మన్ ఏడుకొండలు నేను అక్కడికి రావడానికి మూడేళ్ల ముందే గుండెపోటుతో పోయాడు. అతని భార్య రమణమ్మ తెచ్చిన క్యాసెట్లో వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఉంది. బూజు పట్టిన టేపు ఒక్కసారి ఆడి తెగిపోయింది, ఫైలు మాత్రం దక్కింది. దాన్ని సర్వర్లో పెట్టిన కొన్నాళ్లకు ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని బాగుచేశాను. బొమ్మకు రంగు పెంచాను. వెనకాల ఎవరో అస్తమానం మాట్లాడుతుంటే ఆ శబ్దమంతా తుడిచేసి సన్నాయి మేళం పెట్టాను. పాత ఫైలు తీసేశాను. ఎక్స్ఛేంజీలో బ్యాకప్ తీయందే ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వని మనిషిని, ఇంట్లో ఆ జాగ్రత్తే గుర్తు రాలేదు.

మూడోనాడు రమణమ్మ ఫోన్ చేసింది. "సార్, మా ఆయన మాటలు వినబడట్లేదండీ," అంది.

ఆ వీడియో తీసింది ఏడుకొండలే. అందులో అతను ఎక్కడా కనపడడు. ఆమెకు మిగిలిన అతని గొంతు అదొక్కటే. మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. కారం చేతులతో ఫోను ముట్టుకోలేదు కాబట్టి, కూతురు పెట్టి వెళ్తే వింటూ పని చేసుకుంటుందట. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

తీసేసిన ఫైలు కోసం రెండు రోజులు డిస్కంతా గాలించాను. దాని చోట్లో వేరే వీడియోలు ఎక్కేశాయి, దొరకలేదు. ఇక సిగ్గు విడిచి, పాస్‌వర్డ్ ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేసి అడిగాను. ఏడుకొండలుతో కలిసి పనిచేసి, ఇప్పుడు పిడుగురాళ్లలో జూనియర్ టెలికాం ఆఫీసరుగా ఉన్న భాస్కర్ కాసేపు నసిగాడు. "తిట్టనంటే చెప్తాను సార్. నేను దించుకున్నాను. అందులో వడ్డన చేస్తుంటాను చూడండి, అప్పుడు నాకు బోలెడు జుట్టుంది," అన్నాడు. తిట్టడానికి నాకు నోరెక్కడిది?

ఆ ఫైలు పట్టుకుని నేనే రమణమ్మ ఇంటికి వెళ్లాను. వరండాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. ఫోను పక్కన పెట్టి ఆడించాను. ముందు జనం సందడి, తర్వాత ఏడుకొండలు గొంతు. "ఏమే, కాసేపు కుదురుగా నిలబడు. నవ్వవే, నీ సొమ్మేం పోయింది?"

"నవ్వుతున్నాగా, తియ్యవయ్యా," అంది రమణమ్మ, తల ఎత్తకుండానే. నేను అక్కడ ఉన్న సంగతి ఆమె మర్చిపోయింది.

డౌన్‌లోడ్ షరతు ఆ రోజే ఎత్తేశాను. ఇప్పుడు ఎవరి క్యాసెట్ వచ్చినా ముందు ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుని మొత్తం వింటాను. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పాల్సింది వాళ్లు. ఆపాటి సంగతి నాకు రిటైరవబోతూ తెలిసింది.