పదకొండు ఇళ్ల అతుకులు

మా మావయ్య పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, ఆ తర్వాత తన టెస్టర్‌ను వంటింటి ప్లగ్గులో పెట్టి చూసేవాడు. అందులోని చిన్న దీపం వెలిగితేనే దాన్ని జేబులో వేసుకుని పనికి బయలుదేరేవాడు. "అబద్ధమాడే టెస్టర్ కన్నా అసలు లేకపోవడం మేలు" అనేవాడు.

నలభై ఏళ్లుగా ఇళ్లలో వైరింగ్ పనే ఆయనకు తిండి పెట్టింది. గోడకు కొత్త ప్లగ్గు పెట్టమంటే ముందు మెయిన్ ఆపేవాడు. ఆగిందో లేదో మళ్లీ టెస్టర్‌తో చూసేవాడు. వైర్ల అతుకును ఎప్పుడూ గోడలో పూడ్చలేదు. మూత తీసి చూసుకునే డబ్బాలో, కనెక్టర్‌లోకి రాగి పోగులు దూర్చి, స్క్రూ బిగించి, ఒక్కొక్క వైరునూ లాగి చూసేవాడు. పని అయ్యాక రాలిన సున్నమూ ఇటుకపొడీ తానే ఊడ్చేవాడు. ఇంటావిడ వద్దన్నా వినేవాడు కాదు. "మీకు వంటపని ఉంటుంది కదమ్మా" అనేవాడు.

మా అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను పక్కన ఇస్త్రీ పెట్టెకు ఒక ప్లగ్గు కావాలంటే, పాత ప్లగ్గు డబ్బాలోంచి వైరు లాగి కొత్తది పెట్టాడు. మూడు వారాలు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తుండగా గోడ దగ్గర ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. అమ్మ స్విచ్ ఆపి కబురు పెట్టింది.

మావయ్య మెయిన్ ఆపి డబ్బా విప్పాడు. కనెక్టర్ ఒక పక్క గోధుమరంగుకు మాడిపోయింది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"కనెక్టర్ నాసిరకమా అన్నయ్యా?" అంది అమ్మ.

"కనెక్టర్‌ది కాదమ్మా, నాది తప్పు. స్క్రూ రాగి మీద కాదు, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద బిగించాను. రెండు పోగులు మాత్రం పక్కన తగులుకుని ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె లాగే కరెంటంతా ఆ రెండే మోశాయి. వేడెక్కక ఏం చేస్తాయి?"

"లాగి చూశావు కదా?"

"చూశాను. తొడుగు స్క్రూ కింద గట్టిగా ఇరుక్కుంది కదా, వైరు రాలేదు. లాగితే తెలిసే తప్పు కాదిది. స్క్రూ రాగిని పట్టిందో తొడుగును పట్టిందో వేళ్లకు తెలియాలి."

తర్వాత ఆయన కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. ఒక రాగి పోగు తన చూపుడువేలి కొస మీద ఆనించమని నాకు చెప్పాడు.

"పెట్టు మరి."

"పెట్టి చాలాసేపయింది మావయ్యా."

ఆయన కళ్లు తెరిచి, పోగు వంకా వేలి వంకా చూసుకున్నాడు. షుగర్ వల్ల వేళ్లు మొద్దుబారుతున్నాయని కిందటి వానాకాలంలోనే తెలిసిందట. ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ల చేయి, అదే చూసుకుంటుందిలే అనుకున్నాడట.

అప్పటినుంచి చేసిన ఇళ్లు తలుచుకుంటూ ఒక్కొక్కటే చెప్పాడు, నేను కాగితం మీద రాశాను. మా ఇంటితో కలిపి పదకొండు. ఒక ఇంట్లో ఆయన ప్లగ్గు పెట్టింది బాలింత గదిలో, హీటరు కోసం. ముందు వాళ్లకే ఫోన్ చేశాడు. ఆ ప్లగ్గు వాడొద్దన్నాడు. ఫోన్ కలిసిన మిగతావాళ్లకూ అదే చెప్పాడు. బాలింత తల్లి "చెప్పి పుణ్యం కట్టుకున్నారు బాబూ" అంది. ఇంకొకాయన మాత్రం "చేసేటప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా?" అన్నాడు. మావయ్య ఆ మాట కూడా విని, "నిజమేనండి" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక అవన్నీ విప్పి చూడాలి. చూడాల్సినవి మళ్లీ ఈ వేళ్లే. అందుకని నిచ్చెన దగ్గరికి వెళదామన్నాడు. నిచ్చెన అంటే మా వీధిలోని మరో ఎలక్ట్రీషియన్, మనిషి అంత పొడుగు. మావయ్య పని నిదానం మీద "గోడకు జోలపాడుతున్నాడు" అని అతను పదిమందిలో ఎగతాళి చేసినప్పటినుంచి తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"వాడి దగ్గరికా? ఊరంతా చాటుతాడు" అంది అమ్మ.

"చాటనీ. నాకు ఫోన్ కలవనివాళ్లకు కూడా తెలుస్తుంది."

నిచ్చెన గుమ్మంలో కూర్చుని ఫ్యాను విప్పుకుంటున్నాడు. మమ్మల్ని చూసి, "ఏంటి, ఇల్లు మర్చిపోయి ఇటొచ్చావా?" అన్నాడు. నిచ్చెన భార్య మాత్రం ఏమీ అడక్కుండా మావయ్యకు స్టూలు తెచ్చి వేసింది. మావయ్య కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, కాగితం అందించాడు.

నిచ్చెన చదివాడు. ఎగతాళి మొహంలోంచి పోయింది.

"నీ పనిలో నేను తప్పులు వెతకాలా?"

"వెతకాలి. ప్రతి డబ్బా మూత తియ్యి. అనుమానం ఉన్నది కోసేసి కొత్తగా బిగించు."

"సర్లే. ఎందుకొచ్చావని ఇంటివాళ్లు అడిగితే మామూలుగా చూడ్డానికొచ్చాననేస్తా. నీ పేరెందుకు పాడుచేసుకోవడం."

"అలా అనకు. ఆయన వేళ్లకు స్పర్శ పోయింది, అందుకని నన్ను పంపాడని చెప్పు. అప్పుడే దగ్గరుండి జాగ్రత్తగా చూపించుకుంటారు. ముందు బాలింత ఇంటికి వెళ్లు. ఇవాళే వెళ్లు, నీకు పుణ్యముంటుంది."