పటిక నీళ్లు మళ్లీ తెల్లబడ్డాయి

నిన్న పొద్దున మెడికల్ షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్.

సన్యాసిరావు మాస్టారి అబ్బాయి.

"నాన్నగారు పోయారన్నయ్యా."

షట్టర్ దించేసి తాళం వేశాను.

నర్సీపట్నంలో నాతో ఇంటర్ చదివినవాళ్లందరికీ ఆయనే కెమిస్ట్రీ. పటిక నీళ్లలో కాస్టిక్ సోడా చుక్కలు వేసేవారు. తెల్లగా విరిగేది. దాన్ని రెండు ట్యూబుల్లో పోసి, ఒకదాంట్లో యాసిడ్, రెండోదాంట్లో ఇంకాస్త కాస్టిక్. రెండూ మంచినీళ్లలా అయిపోయేవి.

"తెల్లది ఏటైపోనాదిరా?"

"ఇందులోనే ఉందండీ" అని క్లాసంతా అరవాలి. అరిచేదాకా వదిలేవారు కాదు.

అదే ఆంఫోటెరిక్ అంటే. యాసిడ్ దగ్గర బేస్‌లా, బేస్ దగ్గర యాసిడ్‌లా.

నేను షాపు పెట్టిన రోజు అలా తేటపడిన కాస్టిక్ ట్యూబొకదానికి కార్క్ బిగించి నా చేతిలో పెట్టారు. అందరూ బొకేలు తెస్తే ఈయన ఇది తెచ్చారని నవ్వుకున్నాం. అప్పట్నుంచీ కౌంటర్ వెనక ర్యాకులోనే ఉంది.

ఇప్పుడు రాసేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మాస్టారి ఇంట్లోవాళ్లు కూడా ఇక్కడే మొదటిసారి చదువుతారు.

రెండు నెలల కిందట మాస్టారు షాపుకొచ్చారు. ఒక పక్క పంటి నొప్పి, బుగ్గ మొద్దుబారింది అన్నారు. ఆయనకి షుగర్ అని నాకు తెలుసు. వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. పంపలేదు. పెయిన్‌కిల్లర్లు చేతిలో పెట్టి "బేగి తగ్గిపోద్ది మాస్టారూ" అన్నాను.

నా మాట మీద పది రోజులు అవే మింగారు.

అది పంటి నొప్పి కాదు. షుగర్ ఉన్నవాళ్లకి ముఖంలోకి పాకే బ్లాక్ ఫంగస్.

వైజాగ్ ఆసుపత్రికి వెళ్లి చూశాను. అప్పటికే ఒక కన్ను తీసేశారు. మందు బాటిల్‌కి వెలుతురు తగలకుండా నల్ల కవర్ తొడిగారు.

"పేరు సూసేవా? ఆంఫోటెరిసిన్. మన పాఠవేరా. ఆ గుణం బట్టే పేరెట్టేరు" అన్నారు.

మిగిలిన కన్ను నా మీంచి తిప్పలేదు. తప్పు ఒప్పుకుందామనే వెళ్లాను. చెప్పకుండానే తిరుగు బస్సెక్కేశాను. తర్వాత ఆ మందుకి కిడ్నీలు తట్టుకోలేదు.

ఈ పొద్దున షాపు తీశాను.

ర్యాకులో ట్యూబు తెల్లగా ఉంది.

మొన్న మూసినప్పుడు నీళ్లలాగే ఉంది. గాలి తగిలితే తెల్లది తిరిగొస్తుందని ఆయనే చెప్పారు, తెలుసు. కానీ కార్క్ బిగువుగానే ఉంది.

షాపులో నేనొక్కణ్ణే. అయినా వెనక నుంచి ఎవరో ఆ పాత ప్రశ్నే అడిగినట్టుంది.

క్లాసులోలాగే గట్టిగా చెప్పాను.

"ఇందులోనే ఉందండీ."

ఇంక ఏ నొప్పీ లేని చోట హాయిగా నిద్రపోండి, మాస్టారూ.