తలుపు జప్తు

మా ఇంటి తలుపును సర్కారు జప్తు చేసింది. చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. తొంభైల చివర్లో, బోరబండలో, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా చేసింది.

మా అన్న మనసు చెదిరి సర్కారు మానసిక దవాఖానలో చాలాకాలం ఉన్నాడు. నాన్న పోయాక అన్నను ఇంటికి తెచ్చుకున్నాం గానీ, అక్కడి బిల్లు కట్టలేకపోయాం. అది పన్ను బాకీ కింద రెవెన్యూవాళ్ల చేతికి వెళ్లింది. తలుపు ఊడబెరికితే పరువు పోయిందని పరుగెత్తుకొచ్చి కడతారని వాళ్ల నమ్మకం. తాతలనాటి తెలివి! శిస్తు ఎగ్గొట్టిన ఆసామికీ, మతి చెదిరినవాడి తల్లికీ ఒకటే మందు.

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు కంపెనీల మేడల కోసం బండలు పేల్చేవారు. ఆ చప్పుడు వినబడితే చాలు, అన్న ఇల్లు వదిలి పరుగు తీసేవాడు. అందుకే అమ్మ పగలంతా తలుపు గడియ పెట్టి ఉంచేది.

"బాబ్బాబు, బిందెలు తీసుకెళ్లండి, మంచం తీసుకెళ్లండి. తలుపొక్కటి వదిలెయ్యండి. వీడు వెళ్లిపోతాడండీ!" అని అమ్మ చేతులు జోడించింది.

జీపు దిగిన అధికారి చెవిన పెడితేగా! పక్కింటామె మాత్రం ఊరుకోలేదు. "దవాఖాన బాకీకి తలుపు గుంజుకపోతరా? జర సిగ్గన్న ఉండాలె!" అంది.

బంట్రోతు ఒక్కడూ తలుపు మొయ్యలేక ఆపసోపాలు పడుతుంటే, మా అన్న ఎవరూ పిలవకుండానే వెళ్లి రెండోవైపు పట్టాడు. జీపు దాకా మోసిపెట్టాడు.

"మంచిగనే ఉన్నడు గదా! ఇగ దవాఖాన పైసలు కట్టనీకి ఏం బాధ?" అన్నాడు అధికారి. థూ! ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు అమ్మ గుమ్మానికి దుప్పటి కట్టి, అడ్డంగా కూర్చుంది. నేను కాలేజీలో ఉన్నాను. నీళ్ల ట్యాంకరు వస్తే అమ్మ బిందె పట్టుకుని లేచింది. అప్పుడే బండ పేలింది. తిరిగొచ్చేసరికి దుప్పటి కిందపడి ఉంది, అన్న లేడు.

అటు మియాపూర్, ఇటు గచ్చిబౌలి దాకా వెతికాం. దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ సాయంత్రమే ఠాణాకు వెళ్లాం. మండలాఫీసు, ఠాణా ఒకే ప్రహరీలో ఉండేవి.

"గసుంటోణ్ని ఇంట్ల పెట్టుకొని తలుపు గూడ ఎయ్యరా? ఏం తల్లివమ్మా నువ్వు?" అని జమేదారు అమ్మను గదమాయించాడు.

అమ్మ కిటికీలోంచి బయటికి వేలు చూపించింది. మండలాఫీసు గోడకు మా తలుపు ఆనించి ఉంది. దాని మీద ఎవరో తువ్వాలు ఆరేసుకున్నారు.